తరుగు లేని పాట

అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ జిల్లాకు పడమటి అంచున, కన్నడ దేశపు పొలిమేరను ఆనుకొని, కొండమీద పాతకోటతో నిలిచియున్న రాయదుర్గములో నీటి లెక్క తెలియనివారుండరు. చెరువులో నిండిన నీరంతయు చేనికి చేరదు. కొంత ఎండకు ఇగిరిపోవును, కొంత కాలువలోనే ఇంకిపోవును. ఇట్టి వ్యత్యాసమునకు కంసాలి అంగడిలో ఒక మంచి మాట ఉన్నది: తరుగు. పాత నగను కరిగించి కొత్త నగ చేయించినప్పుడెల్ల కొంత బంగారము తరుగు క్రింద పోవును. పాటను ఒక సాధనమునుండి మరొక సాధనములోనికి మార్చినప్పుడును నూరేండ్ల పాటు ఇదే జరిగినది. తరుగు బొత్తిగా లేకుండ పాటను మార్చుట కంప్యూటరు వచ్చిన తరువాతనే సాధ్యమైనది. ఆ విద్య ఎట్లు పుట్టినది, అది ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు అను విషయము ఇంట పాత పాటలు దాచుకొన్న ప్రతివారికిని పనికివచ్చును.

రాయదుర్గము తాలూకా 1953 సెప్టెంబరు చివరి వరకు బళ్లారి జిల్లాలోనిది. అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు అనంతపురము జిల్లాలో చేరినది. ఎల్ల మారినంత మాత్రమున అభిరుచులు మారలేదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు నాటకములు రచించి ఆడించిన ఊరు బళ్లారి. తాడిపత్రిలో పుట్టిన రాఘవ బళ్లారి రాఘవగా పేరు పొందినదియు అక్కడనే. కావున ఈ సీమలో ఏ ఇంటి అటకమీదనైనను తెలుగు నాటక పద్యాల ప్లేట్లు, కన్నడ దేవరనామముల ప్లేట్లు, వాటి వెనుక వచ్చిన క్యాసెట్లు ఒకే పెట్టెలో కనిపించిన వింత లేదు. ఆ పెట్టెను కంప్యూటరులోనికి ఎక్కించు పనిని నేడు ఎవరైనను ఇంటనే చేసికొనవచ్చును. చేయు విధము తెలియనిచో మిగిలినదియు పోవును.

ఈ జిల్లాకే చెందిన ఒక పెద్ద ఉదాహరణమును ఇక్కడ చెప్పవలెను. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగిరేకులమీద చెక్కబడి, తిరుమల ఆలయములోని భాండాగారములో శతాబ్దుల తరబడి మరుగున పడియుండినవి. 20వ శతాబ్దిలో అవి వెలికివచ్చి అచ్చయినవి. రేకులమీద పాట మాటలున్నవి, రాగము పేరున్నది. పాడిన తీరు తెలుపు స్వరలిపి మాత్రము లేదు. కళ్యాణదుర్గము ప్రాంతములోని రాళ్లపల్లిలో జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించి, తరువాత తిరుపతికి వచ్చి, ఆ సంకీర్తనలను పరిష్కరించినారు. నూటికి పైగా పాటలకు స్వరములు కూర్చి ప్రకటించినారు. ఆ వరుసలు శర్మగారి కూర్పులే గాని అన్నమయ్య నోట పలికినవి కావు. రాగిరేకు తనమీద చెక్కిన అక్షరమును చెక్కినట్లే కాపాడినది. చెక్కనిదానిని తిరిగి ఇచ్చుట దాని తరము కాదు. కంప్యూటరు పరిభాషలో నష్టరహితము అను మాటకు అర్థము సరిగా ఇంతే. అది పాత్రను గురించిన హామీ. పాత్రలో ఏమి పోసినారో దానితో ఆ హామీకి సంబంధము లేదు.

ధ్వనినే నేరుగా పట్టి దాచి మరల వినిపించు యంత్రమును ఎడిసన్ 1877లో నిర్మించినాడు. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను మైనముమీద పట్టినాడు. ఆ మైనపు మూసలు జర్మనీలోని హానోవరుకు పోయి అక్కడ ప్లేట్లుగా అచ్చుపడి తిరిగి వచ్చెడివి. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినది. ప్లేటుకు ప్రధానమైన ముడిసరుకు లక్క, అదియు మన దేశపు అడవులదే. పది అంగుళముల ప్లేటుకు ఒక ప్రక్కన మూడు నిమిషములకు కొంచెము పైగా పాట పట్టును. గంటసేపు సాగవలసిన రాగాలాపన మూడు నిమిషములకు కుదించుకొన్నది. మొదటి తరుగు అక్కడనే కలదు. 1925 వరకు మైక్రోఫోను లేనందున గాయకులు కొమ్ములోనికి గట్టిగా పాడవలసివచ్చెను. తంబుర శ్రుతివంటి మెత్తని ధ్వనులు చాలవరకు ముల్లును కదల్పనే లేదు. ఆపైన ప్లేటును వాయించిన ప్రతిసారి ముల్లు గాడిని కొంత అరగదీయును. రాయదుర్గమువంటి చోట ఎండగాలి తెచ్చు ధూళి ఆ పనికి తోడు. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్టు చౌకగా ఊరూరికి చేరినది గాని, క్యాసెట్టునుండి క్యాసెట్టుకు ఎక్కించినప్పుడెల్ల బుసబుసమను రొద ఒక పొర చొప్పున పెరిగినది. మూడవ నకలు విన్నవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ గొలుసును త్రెంచినది అంకె. అలలవలె కదలు ధ్వనిని క్షణక్షణము కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసికొనవచ్చునను ఆలోచనను 1937లో ఆలెక్ రీవ్స్ అను ఆంగ్లేయ ఇంజనీరు పారిస్‌లో పనిచేయుచు రూపొందించినాడు. ఎన్నిసార్లు కొలిచిన చాలునను ప్రశ్నకు నైక్విస్ట్, కొతెల్నికోవ్, షానన్ అనువారి గణితము జవాబు చెప్పినది: వినవలసిన అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపుకంటె ఎక్కువసార్లు కొలిచిన చాలును. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినగలదు. 1982లో అమ్మకమునకు వచ్చిన కాంపాక్ట్ డిస్కు సెకనుకు 44,100 సార్లు కొలుచును. ఒక్కొక్క కొలత –32,768కి, 32,767కి నడుమనుండు పూర్ణాంకము; దానిని వ్రాయుటకు 16 బిట్లు కావలెను. ఎడమకొకటి, కుడికొకటి లెక్కించిన సెకనుకు 14,11,200 బిట్లు. అనగా నిమిషము పాటకు కోటి బైట్లకు పైమాటే.

అంకెకు ఒక గుణమున్నది. ఎన్నిసార్లు నకలు వ్రాసినను, తప్పు వ్రాయనంతవరకు, 107 అనునది 107గానే ఉండును. తరుగు సమస్య ఇంతటితో తీరినది గాని దాని స్థానమున చోటు సమస్య వచ్చినది. 1990 ప్రాంతపు ఇంటి కంప్యూటరులో ఒక్క డిస్కులోని పాటలు పట్టుటకే స్థలము చాలెడిది కాదు. ఇంటర్నెట్టు ద్వారా పంపుట మరియు కష్టము. కావున పాటను కుదింపవలసివచ్చెను. ఇక్కడ దారి రెండుగా చీలినది.

మొదటి దారి విసర్జన. బిగ్గరగా మ్రోగు ధ్వని ప్రక్కన ఉన్న సన్నని ధ్వని చెవికి వినిపించదు, వినిపించనిదానిని వ్రాయనేల? ఈ వాదముపై జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ మొదలగువారు కృషిచేసిన ఫలితము ఎం.పి.3. ఆ కుదింపునకు ఆధారమైన గణితములో మనవారి చేయి కలదు. ధ్వనిని గాని చిత్రమును గాని కొసైను తరంగముల మొత్తముగా విడదీయు పద్ధతిని 1974లో ప్రకటించిన ముగ్గురు: బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు నటరాజన్, మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1952లో పట్టము పొందిన కమిశెట్టి రామమోహనరావు. ఆ పద్ధతికి సవరించిన రూపమే ఎం.పి.3లోను, దాని తరువాతి రూపములలోను పనిచేయుచున్నది. సెకనుకు 1,28,000 బిట్ల ఎం.పి.3 పాట, డిస్కులోని పాటలో పదకొండవ వంతు మాత్రమే. వీధిలో నడచుచు వినుటకు అది ధారాళముగా చాలును. దాచుటకు చాలదు. ఏలయనగా పారవేసినది తిరిగి రాదు, ఎం.పి.3ను విప్పి, దిద్ది, మరల ఎం.పి.3గా కట్టినప్పుడు మొదటిసారి మిగిలినదానిలోనుండి మరికొంత పోవును. క్యాసెట్టు నకళ్ల కథ వేరు వేషముతో తిరిగి వచ్చినదన్నమాట.

రెండవ దారి పొదుపు. ఏదియు పారవేయకుండ, చెప్పవలసినదానిని తక్కువ మాటలలో చెప్పుట. దీనికి మూలము ధ్వనికి గల ఒక స్వభావము: అది ఒక్కసారిగా గెంతదు. వరుసగా వచ్చిన కొలతలు 100, 103, 107, 112, 118 అనుకొందము. మొదటి రెండింటిని చూచి, ఇదే వాలులో సాగునని ఊహించిన, మూడవది 106 కావలెను. నిజముగా వచ్చినది 107. ఊహ తప్పినది 1 మాత్రమే. 103, 107 చూచి తరువాత 111 అని ఊహింతుము. వచ్చినది 112, తప్పు మరల 1. అటుపైన 117 అనుకొందుము, వచ్చినది 118. కావున అయిదు పెద్ద సంఖ్యలకు బదులు 100, 103, ఆపైన 1, 1, 1 అని వ్రాసిన చాలును. విప్పువాడు అదే ఊహను అదే క్రమములో చేసి, తప్పును కలిపిన, మొదటి సంఖ్యలు తు.చ. తప్పక వచ్చును. ఊహ ఎంత బాగున్న శేషము అంత చిన్నది. ఊహ చెడినను నష్టము లేదు; శేషము పెద్దదగును, అంతే.

ఈ ఊహాపద్ధతిని మాటల ధ్వనిమీద ప్రయోగించి పేరుపొందినవారిలో 1960 దశకమున జపానులో ఇటాకురా, సైతో, అమెరికాలో బిష్ణు అటల్ ముఖ్యులు. అటల్ కాన్పూరులో పుట్టి, లక్నోలోను బెంగుళూరు విజ్ఞాన సంస్థలోను చదివి, 1961లో బెల్ ప్రయోగశాలలో చేరినవాడు. మిగిలిన చిన్న శేషములను పొదుపుగా వ్రాయు లిపి మరొకచోట సిద్ధమైనది. సాలొమన్ గోలొంబ్ 1966లో చెప్పిన సూత్రమును సులువుచేసి, రాబర్ట్ రైస్ అంతరిక్ష నౌకలు పంపు సమాచారము కొరకు జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఒక పద్ధతి నిర్మించినాడు. ఆ పద్ధతిని వివరించు ఆయన నివేదిక 1979 నాటిది. అనంతకృష్ణశర్మగారు కాలధర్మము నొందిన సంవత్సరమును అదే. గ్రహముల బొమ్మలు పంపుటకు పుట్టిన లిపిలోనే నేడు ఇంటి కంప్యూటరు మన పాటలను దాచుచున్నది.

రెండింటిని కలిపి 1994లో కేంబ్రిడ్జిలో టోనీ రాబిన్‌సన్ షార్టెన్ అను సాధనమును వివరించినాడు. దానిని లాభాపేక్షతో వాడుకొనుటకు ఆంక్షలుండినవి. ఎవరికైనను ఏ ఆంక్షయు లేని రూపము కావలెనని జాష్ కోల్‌సన్ 2000లో పని మొదలుపెట్టి, 2001 జులైలో ఫ్లాక్ మొదటి పూర్తి కూర్పును విడుదల చేసినాడు. 2004లో ఆపిల్ సంస్థ అలాక్ అను తన రూపమును తెచ్చినది. 2011లో దాని మూలమును బయటపెట్టినది. ఫ్లాక్ నిర్మాణము 2024 డిసెంబరులో ఇంటర్నెట్టు ప్రమాణముల వరుసలో 9639వ పత్రముగా ప్రకటితమైనది. ఆ పత్రమును చదివి ఎవరైనను ఫ్లాకును విప్పు యంత్రమును స్వయముగా వ్రాసికొనవచ్చును.

ఫ్లాకులో కట్టిన పాట మూలములో సగము మొదలు మూడింట రెండు వంతుల వరకు ఉండును. ఎంత కుదియునన్నది పాటనుబట్టి మారును. తంబుర, వేణువు వంటివి ఊహకు సులభముగా లొంగును. పాత లక్కప్లేటు చిటపటలు లొంగవు. చిటపటకు ముందు వెనుకలతో పొత్తు లేదు గనుక ఊహ ప్రతిసారి తప్పును. చిత్రమేమనగా నూరేండ్ల నాటి ప్లేటును ఎక్కించిన ఫైలులో పద్యముకంటె దుమ్మే ఎక్కువ చోటు తినును!

ఇక ఇంట చేయవలసిన పనిలో ఎక్కడెక్కడ మోసపోవుదుమో చూడవలెను. ఫ్లాక్ సాధనములో 0 నుండి 8 వరకు మెట్లుండును. ఎక్కువ మెట్టున పాట బాగుండునని కొందరి భ్రమ. మెట్టు ఏదైనను పాట ఒక్కటే. పై మెట్టున కంప్యూటరు ఎక్కువసేపు వెదకి కొంచెము చిన్న మూట కట్టును, అంతకుమించి ఏమియు లేదు. ఫ్లాకునుండి అలాకునకు, అలాకునుండి వేవ్ ఫైలునకు, మరల ఫ్లాకునకు ఎన్నిసార్లు తిప్పినను అంకెలు మారవు. దీనిని నమ్మకముమీద వదలనక్కరలేదు. కట్టునప్పుడు ఫ్లాక్ మూలపు అంకెలన్నిటినుండి ఎం.డి.5 అను 128 బిట్ల ముద్రను గణించి ఫైలు తలమీద వ్రాయును. ఎప్పుడైనను విప్పి సరిచూచిన, ఒక్క బిట్టు మారినను ముద్ర కలియదు. కరెంటు పోయి వచ్చు ఊళ్లలో, పాతబడిన డిస్కులమీద, ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయుట మేలు. పరీక్ష తప్పు చూపునే గాని తప్పును దిద్దదు. దిద్దుటకు వేరొక డిస్కుమీద రెండవ నకలు ఉండవలెను.

ఎం.పి.3ను ఫ్లాకుగా మార్చుట అన్నిటికంటె తరచుగా జరుగు పొరపాటు. ఫైలు అయిదారు రెట్లు ఉబ్బును. పాట మాత్రము ఎం.పి.3 పాటయే. రాగిరేకుమీద లేని స్వరము రేకును బంగారుపూత పూసినందువలన రాదు. ఇట్టి నకిలీని పట్టుటకు ధ్వని యొక్క పౌనఃపున్య చిత్రమును చూచెదరు. సెకనుకు 1,28,000 బిట్ల ఎం.పి.3లో సాధారణముగా 16,000 కంపనముల దగ్గర గోడ కట్టినట్లు పై భాగము ఖాళీగా ఉండును. అయితే లక్కప్లేటు పాటలో అంత ఎత్తున ఉండునది రొదయే గనుక ఈ పరీక్షను అక్కడ గ్రుడ్డిగా నమ్మరాదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి కలదు. ప్లేటును 24 బిట్లతో సెకనుకు 96,000 కొలతలుగా పట్టి, చోటు కలిసివచ్చునని 16 బిట్లు, 44,100 కొలతలకు దించి ఫ్లాకుగా కట్టినారనుకొందము. ఫైలు పేరు చివర ఫ్లాక్ అనియే ఉండును. కాని దించినప్పుడే తరుగు పోయినది. ఫ్లాకు ఆ తరువాత మిగిలినదానిని భద్రపరచినది. ధ్వనిని హెచ్చించుట, రొదను తుడుచుట కూడ ఇట్టివే. తుడిచిన ప్రతిని వినుటకు ఉంచుకొనవచ్చును, తుడువనిదానిని చెరిపివేయరాదు. హెచ్చుతగ్గులు సరిచేయుటకు అంకెలను ముట్టకుండ, ఇంత హెచ్చించి వాయించుమని ఫైలులో ఒక చీటీ వ్రాసిన చాలును. నేటి వాయింపు సాధనములలో పెక్కింటికి ఆ చీటీ చదువుట వచ్చును.

చీటీల మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. 1902 నాటి ప్లేట్లలో గౌహర్ జాన్ పాట చివర తన పేరును ఇంగ్లీషులో తానే చెప్పుట వినిపించును. హానోవరులో ప్లేటు అచ్చువేయువారికి ఎవరి పాట ఏదో తెలియవలెను గదా! ఫ్లాకులో చీటీలు యూనికోడు లిపిలో ఉండును. పాడినవారి పేరు తెలుగులోను, ప్రక్కపాట కన్నడమైన కన్నడములోను వ్రాయవచ్చును. ప్లేటు నెంబరు, ఏ ముల్లుతో ఎప్పుడు ఎక్కించినది కూడ వ్రాసియుంచుట మంచిది. పేరు లేని ఫైలు వేయింటిలో కలిసిన, ఉండియు లేనట్లే. చోటు గురించి నేడు జంకనక్కరలేదు. లక్షకోట్ల బైట్లు పట్టు సామాన్యపు డిస్కులో రెండువేల అయిదువందల కాంపాక్ట్ డిస్కులకు పైగా ఫ్లాకు రూపమున నిలువచేయవచ్చును. ఫోనులో వినుటకు ఆ మూలమునుండి ఎప్పుడు కావలసిన అప్పుడు ఎం.పి.3 తీసికొనవచ్చును, అది చెడినను పోయినను విచారము లేదు.

ఫైలు ఎక్కిన తరువాత ప్లేటును ఏమి చేయవలెను? చాలమంది పారవేయుదురు. లాంగ్‌ప్లే రికార్డునకు వాడు సన్నముల్లు లక్కప్లేటు గాడిలో అడుగున పడి దుమ్మును చదువును; దానికి మూడింతల వెడల్పుగల ముల్లు కావలెను. మొదటిసారి తప్పు ముల్లుతో ఎక్కించినట్లు పదేండ్లకు తెలియవచ్చును. ముల్లే అవసరము లేని రోజును వచ్చినది: బర్క్‌లీలోని లారెన్స్ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, విటాలీ ఫదెయేవ్ అను భౌతిక శాస్త్రజ్ఞులు గాడిని ఫొటో తీసి, ఆ చిత్రమునుండి ధ్వనిని గణించు పద్ధతిని కల్పించినారు. ఎడిసన్‌కు ముందే, 1857లో, పారిస్‌లో స్కాట్ ద మార్తెన్‌విల్ ధ్వనితరంగములను మసి పూసిన కాగితముమీద గీయు యంత్రమును చేసియుండెను. అది చూచుటకే గాని వినుటకు కాదు. అతడు 1860 ఏప్రిలులో గీసిన ఒక కాగితమును 2008లో ఆ ప్రయోగశాల సహాయముతో వినిపించగా ఒక ఫ్రెంచి జానపద గీతము పలికినది. గొంతు ఆడపిల్లదని అనుకొన్నారు. కాగితముమీద పాట ప్రక్కనే శ్రుతిదండము గీసిన రేఖయు ఉన్నది. దాని వేగమును మరల లెక్కించి చూడగా రెట్టింపు వేగముతో వాయించినట్లు మరుసటి సంవత్సరము తేలినది. సగము వేగముతో వినిన అది మగగొంతు. స్కాట్ స్వయముగా పాడినదేయని పరిశోధకుల అభిప్రాయము.